పెళ్ళివేళ మొరాయించిన మిషను

“ఇంకోసారి నొక్కండి. గట్టిగా నొక్కాలి,” అన్నాడు పెళ్ళికొడుకు డెర్లిస్.

ఊరంతా న్యా ఫెలిసితా అని గౌరవంగా పిలుచుకునే రిజిస్ట్రారు గట్టిగానే నొక్కింది. బల్ల కిందున్న కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది గనక కరెంటు పోయిందని సరిపెట్టుకునే వీలు కూడా లేదు.

కంప్యూటర్లో ఎక్కితేనే పెళ్ళి అయినట్టని రాజధాని అసున్సియోన్ నుంచి ఉత్తర్వు వచ్చింది మొదలు, ఆ ఊళ్ళో పెళ్ళికి వరుడికంటే మిషను ముఖ్యమైపోయింది. పెళ్ళికూతురు నిమియా తెల్లగౌను నలగకుండా కుర్చీ అంచున కూర్చుని మరియమ్మ తల్లికి మనసులోనే మొక్కుకుంటోంది. ఈ పెళ్ళి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి డెర్లిస్‌కి సెలవు దొరకలేదు. ఇంకోసారి అతని తల్లికి విందు ఏర్పాట్లు నచ్చలేదు. మూడోసారి కూడా తప్పిపోతే ఇక జరగనే జరగదని ఆమె భయం. బయట మామిడిచెట్టు నీడన చుట్టాలు చెమటలు కక్కుతున్నారు, ఇంటి దగ్గర మాంసం నిప్పుల మీద ఉంది.

“పక్కవీధిలో వీటిని బాగుచేసే ఆయనున్నాడు నాయనా. కబురు పెట్టనా?” అంది న్యా ఫెలిసితా.

“ఇంజనీర్ని ఎదురుగా పెట్టుకుని రిపేరువాణ్ణి పిలుస్తారా అమ్మగారూ? లేవండి, నన్ను చూడనివ్వండి,” అంటూ డెర్లిస్ కోటు విప్పి నిమియా ఒళ్ళో పడేశాడు. అతను అసున్సియోన్‌లో మూడు నెలల కంప్యూటరు కోర్సు చదివాడు. నాలుగో నెల నుంచీ ఇంజనీరునని చెప్పుకుంటున్నాడు.

ముందు ప్రింటరు తీగ పీకి దీనికి తగిలించాడు. రాలేదు. మీట మీద వేలు పెట్టి చాలాసేపు అదిమి ఉంచాడు. అప్పుడూ రాలేదు. తప్పు ఉత్తర్వు పంపినవాళ్ళదన్నాడు, కాసేపటికి సరిహద్దు దాటొచ్చిన దొంగసరుకుదన్నాడు. చివరికి పెట్టెని బల్ల మీదికెత్తి, మూత ఊడదీసి, లోపలికి ఉఫ్ మని ఊదాడు. ఆ దుమ్మంతా వచ్చి తెల్లగౌను మీద పడింది.

“అంత దగ్గరగా నిలబడితే పడదా మరి?” అని పెళ్ళికూతురినే కసిరాడు. దగ్గరగా నిలబడి ఫోను లైటు వెయ్యమన్నది అతనే.

లోపలి మెమరీ ముక్కను ఊడబెరికి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చాడు. పెట్టె చుట్టూ లైటు తిప్పుతున్న నిమియా “డెర్లిస్, ఒక్కసారి ఈ వెనకపక్క కూడా...” అని ఏదో అనబోయింది.

“నువ్వు లైటు తిన్నగా పట్టుకో, చాలు. తెలియని వాటిలో నోరు పెట్టకు.”

నిమియాకి సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఎండకి చిరాకు పడుతున్నాడండీ అని న్యా ఫెలిసితాకి సంజాయిషీ చెప్పుకుంది. ఈ నాలుగేళ్ళలో అతని నోటికి ఎండనీ, ఆకలినీ, బస్సులో రద్దీనీ ఎన్నిసార్లు పూచీ పెట్టిందో ఆమెకే గుర్తులేదు. న్యా ఫెలిసితా చల్లటి తెరెరే తేనీరు గొట్టంతో పీలుస్తూ, బాగవుతున్న మిషనుకంటే బాగుచేస్తున్న మనిషినే ఎక్కువగా చూస్తోంది.

ఆఖరికి డెర్లిస్ పెట్టె మీద అరచేత్తో ఫెడీమని ఒక్కటిచ్చాడు. అది అందుకూ చలించలేదు.

“ఈరోజే కావాలని పట్టుబట్టింది మీ అమ్మేగా? మీవాళ్ళు చెయ్యిపెడితే ఏదైనా ఇంతే,” అన్నాడు నిమియాతో.

సోమవారం రమ్మంది న్యా ఫెలిసితా. అతను కోటు లాక్కుని విసురుగా బయటికి నడిచాడు. కిటికీలోంచి చూస్తే చుట్టాలు అతన్ని చుట్టుముట్టారు. మిషను చెడిపోయిందటగా అని మేనమామ అడగ్గానే డెర్లిస్ గొంతు పెంచాడు.

“మిషనా? దాన్ని నేను చిటికెలో బాగుచేసి ఇచ్చాను మామయ్యా. నిమియా తెచ్చిన కాగితాల్లోనే తప్పుంది. ఏం చేస్తాం, నా ఖర్మ.”

చుట్టాలు పెదవి విరిచారు. అందరూ తనవైపు చూసేసరికి నిమియా తల్లి తల దించుకుంది.

నిమియాకి ఏడుపు రాలేదు. ఒళ్ళు భగ్గున మండింది. ఆ పాడు పెట్టె పలికి ఉంటే ఈపాటికి తను ఇతని భార్య అయిపోయేదని తలుచుకుంటేనే వెన్ను జలదరించింది.

“అమ్మగారూ, సోమవారానికి మా పేర్లు వెయ్యకండి,” అంది మెల్లిగా.

న్యా ఫెలిసితా కారణం అడగలేదు. దగ్గరికొచ్చి ఆమె గౌను మీది దుమ్ము చేత్తో దులిపింది.

“మీ అమ్మతో నేను మాట్లాడనా తల్లీ?”

“వద్దండీ. నేనే చెప్పుకుంటాను.”

ఇద్దరూ కలిసి పెట్టెకి మూత బిగించి, తీగ తగిలించి, మళ్ళీ బల్ల కిందికి చేర్చారు. న్యా ఫెలిసితా కుర్చీలో సర్దుకుని ముందుకు వంగిందో లేదో, కుయ్యిమని చప్పుడైంది. తెర మీద నీలం వెలుగు పరుచుకుంది. నిమియా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

“ఇందాకంతా దీనికేమైందండీ?”

“ఏమోనమ్మా, బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది,” అని న్యా ఫెలిసితా గుమ్మంవైపు తిరిగి తరవాతి జంటని కేకేసింది.

చిపా రొట్టెల పొట్లం పట్టుకుని ఒక అమ్మాయి, వెనకే కొత్త బూట్లు కిర్రుమనిపిస్తూ ఒక అబ్బాయి సిగ్గుపడుతూ లోపలికి వచ్చారు. న్యా ఫెలిసితా వాళ్ళని నవ్వుతూ పలకరించి, కూర్చోమంది. ఇందాక కింద పడిన తన పూలగుత్తి తీసుకుందామని వంగిన నిమియా చూపు బల్ల కిందికి పోయింది.

న్యా ఫెలిసితా కాలి బొటనవేలితో పెట్టె వెనకున్న చిన్న మీట నొక్కి మిషను ఆపేస్తోంది.