ఫ్రెరిక్సుల రక్తం

“ఫ్రెరిక్సుల వంశంలో అబద్ధమాడిన మగవాడు ఇంతవరకూ పుట్టలేదు” అన్నాడు వెండెల్, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

డెబ్బయ్యేళ్ళు దగ్గరపడుతున్నా కళ్ళజోడు లేదు. దారం ఒక్కసారికే ఎక్కింది. చిరిగిన మొక్కజొన్న గోతాన్ని ఒళ్ళో వేసుకుని కుట్టడం మొదలుపెట్టాడు. మార్లిస్ చూపు ఆయన వేళ్ళ మీదే ఉంది. ఈ మధ్య ఎవరు ఎదురుపడినా ఆమె ముందు చేతులే చూస్తోంది.

వెండెల్ ఆమె తాత హార్మ్‌కి తమ్ముడు. అయోవాలో ఆ చుట్టుపక్కల ఆయన కోతలు వినని గడప లేదు. ఆయన చేలో గుమ్మడి తీగ ఎంత జోరుగా పాకిందంటే, దాని మీద కునుకు తీసిన కోడి లేచి చూసుకుంటే పక్క జిల్లాలో ఉందట. అలాంటి మనిషి నోటి మాటని నమ్మలేకే మార్లిస్ ముందు కాగితాలన్నీ తిరగేసింది. కాగితాలు చేతులెత్తేశాక ఇక్కడికి వచ్చింది.

వెండెల్ భార్య ఆల్మా కప్పుల్లో కలకండ పలుకులు వేసి వేడి టీ పోసింది. పలుకులు చిటపటమన్నాయి. మార్లిస్ కప్పు అందుకుంటుంటే టీ సాసర్లోకి తొణికింది. ఆమె చప్పున చెయ్యి ఒళ్ళో దాచుకుంది.

“అంచుదాకా పోశాను, తప్పు నాది” అంది ఆల్మా, ఏమీ చూడనట్టు.

మార్లిస్ తను చూసి వచ్చిందంతా చెప్పింది. ముత్తాత గెర్డ్ తాగుబోతనీ, అందుకే తూలుతూ నడిచేవాడనీ ఇంట్లో చెప్పుకునేవారు. కానీ ఆయన చుక్క కూడా ముట్టలేదట. పిచ్చాసుపత్రికి పంపినప్పటి కాగితంలో, కాళ్ళూ చేతులూ వాటంతటవే ఎగిరిపడుతున్నాయని రాసి ఉంది. ఆయన కూతురు తాల్కా ఇప్పుడు అదే ఆసుపత్రిలో, అదే స్థితిలో ఉంది. మాట కూడా పడిపోయింది. గెర్డ్ కొడుకు హార్మ్ ఇరవయ్యారేళ్ళకే ఫ్లూ జ్వరంతో పోయాడు. హార్మ్ కొడుకు, అంటే మార్లిస్ తండ్రి, అంతకన్నా ఎక్కువ బతక్కుండానే యుద్ధంలో పోయాడు. రోగం బయటపడే వయసుదాకా ఇద్దరూ ఉండలేదు.

డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇది రక్తంలో దిగే రోగం. రోగి కన్న ప్రతి బిడ్డకూ సగానికి సగం ప్రమాదం. ముందుగా తేల్చే పరీక్ష ఏదీ లేదు.

పెళ్ళి చేసుకుందామని డ్వేన్ ఇచ్చిన ఉంగరం ఆమె చేతిసంచిలో ఉంది. అతను సాయంత్రం చర్చి దగ్గర కలుస్తానన్నాడు. ఈలోగా దాన్ని వేలికి పెట్టుకోవాలో, తిరిగి ఇచ్చేయాలో తేల్చుకోవాలి.

“హార్మ్ తాతకి వేళ్ళు వణికేవా? నడకలో తేడా ఏమైనా ఉండేదా? గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి, చిన్న తాతయ్యా. కథలొద్దు.”

వెండెల్ కుట్టు ఆపాడు. కాగితాల్లో హార్మ్ గురించి ఏముందని అడిగాడు. పాత జనాభా లెక్కలో హార్మ్, వెండెల్ ఇద్దరినీ గెర్డ్ కొడుకులుగానే రాశారనీ, బాప్తిస్మాల పుస్తకం పిడుగుపాటుకి చర్చితో పాటే కాలిపోయిందనీ చెప్పింది మార్లిస్.

ఆయన సూదిని గోతానికి గుచ్చి పెట్టాడు.

“హార్మ్ గెర్డ్ కన్న కొడుకు కాదు, అమ్మడూ. అనాథల రైల్లో వచ్చాడు.”

మార్లిస్ కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఆయన చెప్పుకుపోయాడు. తూర్పు నగరాల్లోని దిక్కులేని పిల్లల్ని, ఎవరైనా పెంచుకుంటారని తెచ్చి మన స్టేషన్లో దించారు. చర్చి మెట్ల మీద వరసగా నిలబెట్టారు. రైతులు వచ్చి కండలు నొక్కి చూశారు, నోరు తెరిపించి పళ్ళు చూశారు. అందరికీ కొత్త బూట్లు వేసి పంపారు. వాడి ఎడమకాలి బూటు కరుస్తోంది, చెప్పుకుంటే ఎవరూ తీసుకోరేమోనని వాడు పెదవి కదపలేదు. చెల్లెల్ని వేరే బండివాళ్ళు ఎక్కించుకుపోయారు. వాడు ఏడవలేదు, గెర్డ్ కోటు బొత్తాం ఒకటి గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా వదలకపోతే అమ్మ ఆ బొత్తాం తెంపి వాడికే ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ వాణ్ణి పరాయిగా చూడలేదు.

ఆయన గొంతులో ఎప్పటి ఊపు లేదు. ఒక్క మాటా సాగదీయలేదు.

“అంత చిన్న సంగతులు మీకెలా తెలుసు?”

“ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. పక్కవాడి గుండెలో ఏముందో ఇంకెవరికి తెలుస్తుంది?”

“ఇది కూడా గుమ్మడి తీగ లాంటిదే అయితే నేను చచ్చిపోతాను, తాతయ్యా.” మార్లిస్ ఆల్మా వైపు తిరిగింది. “మీరు చెప్పండి నానమ్మా. మీరు అబద్ధమాడరు.”

ఆల్మా టీ కూజా మీద మూత సర్దింది. మళ్ళీ సర్దింది.

“రైలు మాట నిజం” అంది చివరికి. “ఆ బూటు మాట, చెల్లెలి మాట, అన్నీ నిజం. ప్రమాణం చేసి చెప్తాను.”

మార్లిస్ ఆమె భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఏడుపు ఆగాక తనలో ఫ్రెరిక్సుల రక్తం లేదంటే ఇంత సంతోషం వేస్తున్నందుకు క్షమించమంది. ఉంగరం తీసి వేలికి పెట్టుకుంది. కప్పు అందుకుని, ఒక్క చుక్క తొణక్కుండా టీ తాగింది.

కారు ఎక్కుతూ నవ్వింది. “డ్వేన్‌కి నలుగురు కావాలట. నేను ఇద్దరు చాలంటాను. ఆ తగువేదో సాయంత్రమే మొదలుపెడతాను.”

కారు మలుపు తిరిగింది. మట్టిరోడ్డు మీద దుమ్ము అణిగేదాకా ముసలాళ్ళిద్దరూ వాకిట్లోనే నిలబడ్డారు.

“నా చేత ప్రమాణం చేయించావు, ముసలాయనా” అంది ఆల్మా.

“నీ ప్రమాణానికి మచ్చ లేదు. కల్పించింది నేను, అదీ ఒక్క ముక్కే.”

ఆల్మా ఆయన ముఖంలోకి చూడలేదు. వెండెల్ గోతాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

“రైలు దిగింది నేను.”