పిడికెడమ్మ

కొత్త బస్తాలు దిగిన రోజే ముసలమ్మ విత్తనాల కొట్లోకి వచ్చింది.

ఎవరినీ అడగలేదు. సంచిలోంచి మొన తేలిన ఇనప గొట్టం తీసి పై వరస బస్తాలో కసుక్కున గుచ్చింది. మొక్కజొన్న గింజలు జలజలా ఆవిడ పిడికిట్లోకి రాలాయి.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" చిన్న షావుకారు కుర్చీలోంచి లేచాడు.

కాటా వేసే తాత కంగారుగా అడ్డం వచ్చాడు.

"మన పిడికెడమ్మ బాబూ. ప్రతి సరుక్కీ వస్తుంది. పిడికెడు గింజలు పట్టుకెళ్ళి తడిగుడ్డలో కట్టి చూస్తుంది. అయిదో రోజు వచ్చి సరే అంటేనే మన అమ్మకం."

"అనకపోతే?"

"నాన్నగారు బస్తాలు వెనక్కి పంపేసేవారు."

ఆ కొట్టు చిన్న షావుకారు తాతగారు తెరిచింది. అప్పుడు ఒక్క తలుపు, ఒక బల్ల. తండ్రి దాన్ని మూడు షట్టర్లు చేశాడు. 'ఆ కొట్టు గింజ బండ మీద పడ్డా మొలుస్తుంది' అని చుట్టుపక్కలంతా పేరు. తండ్రి పోయి ఇంకా నెల తిరగలేదు. పట్నంలో పని వదులుకుని వచ్చి కూర్చున్న మూడో తరం వాడికి, అరవయ్యేళ్ళ పేరు ఒక ముసలమ్మ పిడికిట్లో ఉందంటే ఎక్కడో కాలింది.

"ఎవరీవిడ? మాకు చుట్టమా?"

"తెలీదు బాబూ. నేను చేరేనాటికే వస్తోంది. జీతం లేదు, భత్యం లేదు. ఆవిడొస్తే మీ తాతగారు లేచి నిలబడేవారు. నాన్నగారూ అంతే."

"నేను నిలబడను."

ముసలమ్మ ఇదేమీ పట్టించుకోలేదు. గింజల్ని వాసన చూసింది. ఒకటి కొరికింది. ఆవిడ మొహం మారిపోయింది.

"ఇవి అమ్మకు నాయనా."

"ఏం?"

"ప్రాణం లేదు వీటిలో. ఎక్కడో వేడికి ఉడికిపోయాయి."

"సీలు వేసిన సరుకు. కంపెనీకి తెలియనిది నీ పళ్ళకి తెలిసిందా?"

"అయిదు రోజులు ఆగు. మొలిస్తే నేనే వచ్చి చెబుతా."

"ఆకాశం చూశావా? రేపో మాపో వాన. అవతలి వీధివాళ్ళు అమ్మేసుకుంటుంటే నేను ఈగలు తోలుకోవాలా?"

"తోలుకో. ఈగలతో పోతుంది."

కొనడానికి వచ్చిన ఇద్దరు రైతులు కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వే పని చెడగొట్టింది. చిన్న షావుకారు గొట్టం లాక్కుని వీధిలోకి విసిరేశాడు. అది రాళ్ళ మీద దొర్లుతూ పోయి మురిక్కాలవలో పడింది.

ముసలమ్మ కాలవ వంక చూడలేదు. ఆ ఇద్దరు రైతుల మొహాల్లోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పిడికిలి బిగించుకుని వెళ్ళిపోయింది.

"ఈ కొట్టు మాట ఎప్పుడైనా తప్పిందా?" అడిగాడు చిన్న షావుకారు.

"లేదు," అన్నారు రైతులు. వాళ్ళెరిగి ఎప్పుడూ తప్పలేదు మరి.

మర్నాడే వాన పడింది. రెండు రోజుల్లో గోదాము ఖాళీ.

అయిదో రోజు ముసలమ్మ రాలేదు.

ఎనిమిదో రోజుకి కొట్టుకి ఎవరూ రావడం లేదు. మామూలుగా అయితే దారిన పోయేవాళ్ళు 'మొలక బాగుంది షావుకారూ' అని కేకేసి పోవాలి. వీధిలో సైకిలు గంట మోగినా అతను తలెత్తి చూస్తున్నాడు. సైకిళ్ళు ఆగకుండా పోతున్నాయి.

పదో రోజు పొద్దున్నే ఒకతను వచ్చాడు. ఆ ఇద్దరు రైతుల్లో చిన్నవాడు. పిడికిలి విప్పి బల్ల మీద నాలుగు గింజలు పెట్టాడు. ఉబ్బి, నల్లబడి, కుళ్ళిపోయిన గింజలు.

"కూర్చో. మాట్లాడుకుందాం."

కూర్చోలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అతని వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి బల్లంతా గింజలే. కొట్టంతా కుళ్ళు వాసన. ఒక్కరూ నోరెత్తలేదు.

"తిట్టినా బాగుండేది తాతా."

"తిట్లకేం బాబూ, ఎప్పుడైనా తినొచ్చు. ఇంకో వాన ఉంది. మంచి గింజ దొరికితే మళ్ళీ చల్లుకుంటారు. ఏది మంచిదో ఆవిడనే అడుగుదాం, పదండి."

ఆవిడది రేకుల ఇల్లు. వరండాలో అరవై దాటిన వడ్రంగి ఒకాయన చెక్క చిత్రిక పడుతున్నాడు. వీళ్ళని చూసి చెయ్యి ఆపాడు.

"అమ్మ లేదు బాబూ. పోయి అయిదు రోజులైంది."

చిన్న షావుకారు గుమ్మం పట్టుకున్నాడు.

"మీ కొట్టు గింజలు వంద కట్టింది. ఏడు మొలిచాయి. అయిదో రోజు పొద్దున చెబుతానని చెప్పులేసుకుంది. ఇదిగో, ఇక్కడే కూలబడింది."

అతను నిలబడ్డ చోటే అది. రెండడుగులు పక్కకి జరిగాడు.

"నేను ఆ రోజు ఆవిడని..."

"తెలుసు. చెప్పింది."

అంతలో తాత జేబులో ఫోను మోగింది. తాత విన్నాడు.

"పొద్దున మొదట వచ్చినతను ఇంకా ఇల్లు చేరలేదట బాబూ. వాళ్ళావిడ అడుగుతోంది, కొట్లో ఉన్నాడా అని."

వడ్రంగి చటుక్కున లేచాడు. ఒంటి మీది పొట్టు కూడా దులుపుకోలేదు.

"అతని చేను ఎటువైపు?"

"చేనెందుకు? బజార్లో ఎక్కడో ఉంటాడు," అన్నాడు చిన్న షావుకారు.

వడ్రంగి అప్పటికే మెట్లు దిగి పరుగులాంటి నడకలో ఉన్నాడు. వెనక్కి తిరగకుండానే చెప్పాడు:

"మీ తాతగారు అమ్మిన మొట్టమొదటి బస్తా కొన్నది మా నాన్న బాబూ, అది మొలవని ఏడాది, అమ్మ వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆయన ఆ చేలోనే ఊపిరి లేకుండా దొరికాడు."