గోడ మీది కొంగలు

చెంచు ఈదమ్మ పొద్దున చెరువు దగ్గర చూసిందే గుడిసె గోడ మీద ఎర్రమట్టితో, సున్నంతో వేస్తుంది. చూడనిది వేయదు. ఇబ్రహీంపట్నంలో ఆ సంగతి అందరికీ తెలుసు.

1948 వేసవిలో, దళంలో ఉన్న ఆమె తమ్ముణ్ణి వెతుక్కుంటూ నిజాం పోలీసు అమీను వచ్చాడు.

"నీ తమ్ముని బొమ్మ గూడ ఎయ్యకపోయినవ్?"

"కండ్లవడితె గద సాబ్ ఏసేది!"

గోడ మీద సున్నం ఇంకా తడారలేదు. బొమ్మలో తుంగ మధ్య కొంగలు నిమ్మళంగా నిలబడి ఉన్నాయి.

"తుంగల మనిషి జొరబడితె కొంగలు ఆగుతయా? చెరువుల లేడు, పదండ్రి," అని అమీను జవాన్లను బాలాపూర్ దారి పట్టించాడు.

ఈదమ్మ తడిగుడ్డతో కొంగలను తుడిచేసింది. ఈసారి పొద్దున చూసినట్టే వేసింది. అన్నీ ఒక్కసారిగా తుంగ విడిచి ఎగిరిపోతున్నాయి.