అరగంట ముందు

"అరగంట జరపడానికి ఇదేమన్నా కుర్చీనా?" అంది నర్సు.

దర్జీ ఆవిడ మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. వంటగది బల్ల మీద, ఇద్దరి మధ్యా, గోధుమరంగు అట్ట వేసిన పాత పురుళ్ళ రిజిస్టరు తెరిచి ఉంది. నర్సింగ్ హోమ్ మూతపడ్డప్పుడు డాక్టరమ్మ ఆ పుస్తకాలన్నీ నర్సుకే ఇచ్చేసింది. అప్పట్నుంచి ఎవరికి పుట్టిన టైము కావాలన్నా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ రిజిస్టరు చూసి, చీటీ మీద రాసి, సంతకం పెట్టిందంటే జ్యోతిష్కుడు కళ్ళకద్దుకుని తీసుకుంటాడు.

నర్సు వేలు పెట్టి చూపించింది. మగపిల్లవాడు. మధ్యాహ్నం రెండు నలభై.

"రెండు పది అని రాసివ్వండి సిస్టరమ్మా. పాత చీటీలో తప్పు పడిందని చెప్పుకుంటాను" అంది దర్జీ ఆవిడ.

అడుగుతున్నది ఎవరో కాదు. మంగళవారం గుడ్డకి కత్తెర తగలనివ్వని మనిషి. మంచి ఘడియ చూడందే సూదిలో దారం కూడా ఎక్కించదు. రాహుకాలంలో కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కబుర్లు చెప్పి, అది వెళ్ళిపోయాకే లోపలికి పిలుస్తుంది. ఆవిడ దగ్గర కుట్టించుకునేవాళ్ళకి వారాలూ వర్జ్యాలూ కంఠతా వచ్చేశాయి.

ఆవిడ కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. ముప్పై నాలుగేళ్ళు. ఎన్ని సంబంధాలు తెచ్చినా తల అడ్డంగా తిప్పినవాడు, మొన్న తనంతట తనే వచ్చి ఒక అమ్మాయి ఉందన్నాడు. ఆవిడ సంబరంగా జాతకాలు పట్టుకెళ్ళింది. జ్యోతిష్కుడు ఇద్దరు తల్లుల్నీ ఎదురుగా కూర్చోబెట్టి, పిల్లలిద్దరిదీ ఒకే నక్షత్రం, ఒకే పాదం, పనికిరాదని తేల్చేశాడు. ఇద్దరూ పాదం మొదట్లోనే పుట్టారు కాబట్టి, ఎవరో ఒకరు అరగంట ముందు పుట్టి ఉంటే ఆ ఒక్కరి పాదం మారిపోయి దివ్యంగా కుదిరేదని కూడా అన్నాడు. తల్లులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచి వచ్చేశారు.

ఇదంతా నర్సుకి చెప్పలేదు. పెళ్ళి ఆగిపోతుందని మాత్రం చెప్పింది.

"మీ వాడు గొడవ చేశాడా?" అని అడిగింది నర్సు.

"చేసినా బాగుండును. సరేనమ్మా అన్నాడు. అంతే. ఆరోజు నుంచీ ఏం పెట్టినా తిని, కూర బాగుందంటున్నాడు. నిన్న కూరలో నేను ఉప్పే వెయ్యలేదు సిస్టరమ్మా."

నర్సు, ఇన్నేళ్ళూ నమ్ముకున్నదాన్ని నువ్వే మోసం చేస్తావా, మనం మార్చామని ఆ నక్షత్రాలకి మాత్రం తెలియదా అని అడిగింది.

దర్జీ ఆవిడ టేపు కొస వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.

"వాటికి తెలిస్తే తెలియనివ్వండి. జ్యోతిష్కుడికి తెలియకపోతే చాలు."

నర్సు రిజిస్టరు మూసింది.

"నీకో మాట చెప్తాను, ఎవరితోనూ అనకు. పురుడు పోసేటప్పుడు గడియారం ఎవరు చూస్తారు? బిడ్డ ఏడ్చాడా లేదా, అదే చూస్తాం. నీ కొడుకు ఏడవలేదు."

దర్జీ ఆవిడ తలెత్తింది. ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశానని, వీపు మీద చరిచానని, నోట్లో నోరు పెట్టి ఊదానని నర్సు చెప్పింది. చివరికి వాడు కెవ్వుమన్నాడు. ఆ తర్వాత తల్లికి కుట్లు పడ్డాయి. అన్నీ అయ్యాక, చేతులు కడుక్కుని, సగం చల్లారిన టీ తాగి, అప్పుడు గోడ వైపు చూస్తే రెండు నలభై.

"అంతకుముందు ఎప్పుడు పుట్టాడో నాకూ తెలియదు. రెండు పదే అయ్యుండొచ్చు" అంది.

దర్జీ ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఆ రెండు నలభైని పట్టుకునే వాడి చదువులూ, జ్వరాలూ, ఉద్యోగమూ లెక్కగట్టుకుంటూ వచ్చిన సంగతి ఆ నిమిషంలో ఆవిడకి గుర్తు రాలేదు. వాడు బతికాడన్నదొక్కటే తోచింది.

నర్సు చీటీ రాసింది. రెండు పది అని అంకెల్లో వేసి, పక్కన అక్షరాల్లో కూడా రాసి, సంతకం పెట్టి ఇవ్వబోయింది. దర్జీ ఆవిడ చెయ్యి చాపలేదు. వర్జ్యం ఇంకో నాలుగు నిమిషాలుందంది. ఆ నాలుగు నిమిషాలూ ఇద్దరూ చీటీకి చెరోవైపు కూర్చున్నారు.

టైము అయ్యాక చీటీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. చెప్పులు వేసుకుంటుంటే, గుమ్మం దాకా వచ్చిన నర్సు, ఇంతకీ పిల్ల ఎవరని అడిగింది.

"కళ్ళజోళ్ళ కొట్టు ఆవిడ లేదూ, ఆవిడ కూతురు. ఆ పిల్లా మీ చేతుల్లోనే పుట్టిందట."

నర్సు తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"అరగంటకి ఇంత గిరాకీ ఏమిటా అనుకున్నాను. ఆ పిల్ల కూడా అరగంట ముందే పుట్టిందని నిన్న వాళ్ళమ్మ వచ్చి రాయించుకెళ్ళిందమ్మా."