అనుమానం రాకూడదు

స్కానింగ్ చూసిన డాక్టరు ఇన్షిరాహ్‌ని బయటే కూర్చోబెట్టి, ఆమె మొగుడు బయూమీని లోపలికి పిలిచాడు. చేయి పట్టుకుని, తలలో గడ్డ సంగతి నెమ్మదిగా చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి మంచమెక్కిన బయూమీ మళ్ళీ దిగలేదు.

ఈజిప్టులో వాళ్ళ ఊరు దమన్‌హూర్‌లో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనరు. "అదే, ఆ జబ్బు" అంటారు. చెప్పకూడని ఒక్క మనిషికి తప్ప ఊరందరికీ చెబుతారు.

మర్నాడే బయూమీ తల్లి, హజ్ యాత్ర చేసొచ్చిన హాజ్జా సకీనా, కూతురు అవాతిఫ్‌ని వెంటబెట్టుకుని దిగింది. వంటింట్లో ఉన్న కోడలికి వినపడనంత మెల్లగా, అంటే పై అంతస్తు వాళ్ళకి మాత్రమే వినపడేలా, తీర్పు చెప్పింది.

"ఇన్షిరాహ్‌కి తెలియకూడదు. తెలిస్తే కూలబడిపోతుంది. అది కూలబడితే ఈ ఇల్లు ఎవరు చూస్తారు?"

"ఎప్పటిలాగే ఉందామమ్మా. అనుమానం రాకూడదు," అంది అవాతిఫ్. ఎప్పటిలాగే కాఫీ తెమ్మని కేకేసింది.

ఇన్షిరాహ్‌కి అంతా తెలుసు. ఆ డాక్టరు గది తలుపు మరీ పలచన. తెలియనట్టు ఉండడం కూడా ఒక పనే. ఉన్న పనులకి అదీ తోడైంది.

ఇక పరామర్శలు. అరటిపళ్ళు, మామిడిరసం డబ్బాలు పట్టుకుని చుట్టాలు దిగేవారు. గుమ్మంలో ఇన్షిరాహ్‌ని చూసి ముఖం పక్కకి తిప్పుకునేవారు. నేరుగా గదిలోకి వెళ్ళి బయూమీని కావలించుకుని ఏడ్చేవారు. ఏడ్చాక ఆకలేస్తుంది కదా. ఆమె కుందేలు కూర వండేది, అన్నం వార్చేది, టీ పెట్టేది, వాళ్ళు వెళ్ళాక గిన్నెలు తోమేది. మధ్యలో ఫ్రిజ్ తలుపుకి నుదురు ఆనించి కాసేపు నిలబడేది.

ఒకసారి టీ గ్లాసు చేజారి పగిలింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అంది అవాతిఫ్. తల్లి గుడ్లురిమింది. అవాతిఫ్ నాలుక్కరుచుకుని, "పోన్లే, గ్లాసుతో పాటే కీడూ విరిగిపోయింది," అని సర్దింది.

"ఏమే, నా కొడుకు ఎలా చిక్కిపోయాడో చూశావా?" అంది అత్తగారు. "రేపు పావురాలు తెచ్చి, లోపల గోధుమనూక కూరి వండు. వాడికి బలం పట్టాలి."

ఇన్షిరాహ్ వండింది. బయూమీ రెండు పావురాలు తిని, కళ్ళు తుడుచుకుని, మూడోది అడిగాడు.

శనివారం అలెగ్జాండ్రియా వెళ్ళి ఆసుపత్రిలో చేరాలి. ఆ రోజు దాటితే ఆపరేషన్ వంతు వేరేవాళ్ళకి పోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో, అప్పటికి గడ్డ ఎంత అవుతుందో ఎవరూ చెప్పలేరు. బయూమీ సంతకం లేనిదే డాక్టర్లు కత్తి పట్టరు. బయూమీ ఏమో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇన్షిరాహ్‌కి ప్రాణం గిలగిల్లాడింది. కోపమూ వచ్చింది. కోప్పడదామంటే ఆమెకేమీ తెలియదాయె.

"శనివారం ఏవో పరీక్షలన్నారుగా. లేవండి, వెళ్దాం," అంది.

"నా వల్ల కాదు. ఆ ఆసుపత్రి వాసన తలుచుకుంటేనే కాళ్ళు వణుకుతున్నాయి."

"నేను పక్కనే ఉంటాగా."

"నేనేం మోస్తున్నానో నీకేం తెలుసు ఇన్షిరాహ్? నీకేం తెలుసు?"

"నాకేం తెలుసు. చొక్కా వేసుకోండి."

చివరికి చొక్కా కూడా ఆమే తొడిగింది. బూట్లు తొడిగింది, సంచీ సర్దింది, టాక్సీ పిలిచింది. కొడుకు కోసం దువా చేస్తూ ఇంట్లోనే ఉంటానంది హాజ్జా సకీనా. మధ్యాహ్నానికి ఏం వండి పెట్టావని మాత్రం అడిగింది.

ఆసుపత్రిలో అడుగు పెట్టగానే బయూమీ ముఖం పాలిపోయింది. ఎలాగో సంతకం గీకి, అక్కడే కూలబడ్డాడు. కాపలావాడు పరుగున చక్రాల కుర్చీ తెచ్చాడు. ఇన్షిరాహ్ దాన్ని తోసుకుంటూ పై అంతస్తుకి వెళ్ళింది. దారిలో జనం పక్కకి తప్పుకుని ఆయన వైపు జాలిగా చూశారు. ఒక ముసలాయన దగ్గరికి వచ్చి నుదుటి మీద చేయి పెట్టి మరీ దీవించాడు.

గదిలోకి నర్సు క్షవరం మిషన్ పట్టుకుని వచ్చింది. తెర లాగింది. బయూమీ భుజాల మీద తువ్వాలు కప్పింది.

"భయపడకండి బాబాయ్. జుట్టు మళ్ళీ వచ్చేస్తుంది."

మిషన్ బుర్రుమంది. బయూమీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఇన్షిరాహ్ తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, మంచం మీద కూర్చుని, "ఆయన్ని వదిలెయ్యమ్మా, గడ్డ ఉన్నది నా తలలో," అంది.