ఖాళీ ఆకాశం ప్లేటు

ఫిబ్రవరి 9. మనవరాలు మా ఆయన తోకచుక్క పరిశోధన మీద రాసిన తన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటానంటోంది కాబట్టి ఆయన పనిచేసిన అబ్జర్వేటరీకి ఈ కార్డు ఈ రోజే రాస్తున్నాను.

నిన్న వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. "అమ్మమ్మా, తోకచుక్క వెలుగులో తాతయ్యకి పేరు తెచ్చిన ఆ పసుపు గీతలున్నాయే, అవి చూపే సోడియం తోకచుక్కది కాదు. వీధి దీపాలది."

"దీపాల వెలుగు తీసేయడానికేగా, అదే రాత్రి పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని కూడా ఫోటో ప్లేటు మీద తీసేది?"

"ఆ ప్లేటులో దీపాల జాడే లేదు. అది తోకచుక్కని తీసిన రాత్రిది కాదు. తాతయ్యే తేదీ మార్చారు. పోయి నెలైనా కాలేదు, ఆయన పరువు నేనెలా తీయను?"

"ముందు తిను, చల్లారిపోతోంది" అన్నాను. తిని వెళ్ళింది. గిన్నెలు కడిగాను. ఏడుపు రాలేదు.

అప్పట్లో ఆయన సహాయకురాలిని నేనే. ఆ రాత్రి ఖాళీ ఆకాశం ప్లేటు నా చేతిలో పగిలింది. మర్నాటి రాత్రి ఊరంతా కరెంటు పోయినప్పుడు ఇంకొకటి తీసి, ముందు రోజు తేదీ వేశాను. ఆయన నా రాతను ఏనాడూ అనుమానించలేదు.

ఇక జరగవలసినవి:

1. వ్యాసం అచ్చు కావాలి.
2. తప్పు నాదని అందులో నా పేరుతో ఉండాలి.
3. తాతయ్య తేదీ మార్చలేదని మనవరాలికి నా నోటితో చెప్పాలి. నిన్న చెప్పలేదు.