పావురం మార్కు మిల్లు

పావురం మార్కు కాగితాల మిల్లులో పనిచేసినవాడొకడు ఊళ్లో దిగాడన్న కబురు చెవిన పడ్డ దగ్గర్నుంచీ జీఎంగారికి ముద్ద దిగడం లేదు.

సముద్రం ఒడ్డున, సెలవులు గడిపేవాళ్ల కోసం వెలిసిన ఊరది. హోటళ్లవాళ్ల దగ్గర జీతానికి కుదిరినట్టు, ఎండ అక్కడ ఒక్కరోజు కూడా నాగా పెట్టదు. ఆ ఎండకి ఆశపడి, దేశం వదిలొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఓ పాతిక దాకా ఉన్నాయి. వాళ్లలో స్వదేశంలో గుమాస్తాగా చేసినవాడు మందుకైనా దొరకడు. ఒకాయన జడ్జి. ఒకాయన పెద్దాసుపత్రి డాక్టరు. ఇంకొకాయన కలెక్టరుకి కుడిభుజం. గుమాస్తాలకి విమానం టిక్కెట్లు అమ్మరో ఏమో మరి.

వాళ్లలో ఒక మర్యాద ఉంది. ఎవరి పాత కుర్చీ గురించీ ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. ఏ కోర్టని మీరు జడ్జిగారిని అడిగితే, ఏ ఆఫీసని ఆయన మిమ్మల్ని అడుగుతాడు. ఎందుకొచ్చిన గొడవ? అందుకని అందరూ అందరినీ నమ్ముతారు.

ఆ నమ్మకంలో పెద్ద వాటా, పావురం మార్కు మిల్లుకి జనరల్ మేనేజరుగా చేశారన్న జీఎంగారిదే. మిల్లు సైరన్ మోగితే చుట్టుపక్కల ఏడూళ్లవాళ్లు గడియారాలు సరిచేసుకునేవారట. ఓసారి వరదకి కాగితపు గుజ్జు ఏట్లో కలిసి, ఆ ఏడాదంతా చేపలు తెల్లగా పుట్టాయట. ఆయన చెబుతుంటే జడ్జిగారంతటివాడు టీ చల్లారబెట్టుకునేవాడు. ఈ ఆదివారం ఆయన్ని తమ తెలుగు సంఘానికి అధ్యక్షుణ్ణి చేయాలని అనుకున్నారు కూడా. అధ్యక్షుడంటే మాటలు కాదు. హోటలు మేడమీద, గొడుగు నీడన, సముద్రం వైపు తిరిగిన పేము కుర్చీ ఆయనది. ఎన్నాళ్లుగానో జీఎంగారి కన్ను దానిమీదే.

సరిగ్గా ఇప్పుడే వీడు దిగాడు.

మిల్లు సంగతి పూర్తిగా తెలిసింది ఆయనకీ, ఆయన భార్యకీ మాత్రమే.

“ఇన్ని మిల్లులుండగా వాడు ఆ మిల్లులోంచే ఊడిపడాలా?” అన్నాడు జీఎంగారు, చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుంటూ.

“నేనప్పుడే మొత్తుకున్నాను. మనకి చిన్న కుర్చీ చాలండీ, సూపర్‌వైజరని చెప్పుకుందామని. వింటేగా!”

“పోనీ జ్వరమని కబురు పెట్టనా?”

“జ్వరమంటే డాక్టరుగారిని పంపిస్తారు. పాపం, ఆయన పరువెందుకు తీయడం?”

ఆదివారం హోటలు మేడమీద సభకి వెళ్లక తప్పలేదు.

కొత్తాయన ముందే వచ్చి కూర్చున్నాడు. పొట్టి మనిషి. నెత్తిన కొత్త టోపీ, దానికి ఇంకా షాపువాడి చీటీ వేలాడుతోంది. వారం నుంచీ జడ్జిగారి పక్క వాటాలోనే మకాం. రెండుపూటలా టీ కూడా జడ్జిగారింట్లోనే.

“ఇదిగోనయ్యా మీ జీఎంగారు! గుర్తుపట్టావా?” అన్నాడు జడ్జిగారు, తీర్పు చెబుతున్న గొంతుతో.

కొత్తాయన కింద నుంచి పైదాకా చూశాడు. పై నుంచి కిందిదాకా చూశాడు.

కొత్తాయన ఒక్క ఉదుటున లేచి, ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

“సార్! ఏం మారలేదు సార్ మీరు!”

జీఎంగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“ఆ సైరన్ ఇంకా నా చెవుల్లో మోగుతోంది సార్. ఇక ఆ తెల్ల చేపలంటారా, మా ఇంట్లో వండుకు తిన్నాం కూడా!”

“రుచెలా ఉండేదయ్యా?” అన్నాడు డాక్టరుగారు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

“కాస్త చప్పగా ఉండేవండీ. ఎంతైనా కాగితం కదా!”

“ఆగాగు. నువ్వు నా కింద డిప్యూటీవి కదూ?” అన్నాడు జీఎంగారు.

కొత్తాయన ఒక్క క్షణం తటపటాయించాడు. వెంటనే మొహం చాటంత అయింది. “అబ్బ, ఏం జ్ఞాపకశక్తి సార్ మీది! డిప్యూటీనే. మరి గేటు పక్క వేపచెట్టు గుర్తుందా సార్? రోజూ పొద్దున్నే ఆ నీడలో నిలబడి ప్రతి కూలీనీ పేరు పెట్టి పలకరించేవారు!”

“ఆ చెట్టునెలా మరిచిపోతానయ్యా!” అన్నాడు జీఎంగారు. జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. డాక్టరుగారి భార్య పక్కకి వంగి, “అన్నయ్యగారిది ఇంత మంచి మనసని ఒక్కసారైనా చెప్పలేదేం వదినా?” అంది.

“నాకే ఇప్పుడు తెలిసింది వదినా” అంది జీఎంగారి భార్య.

ఇంకో పేరు ఎత్తినవాడు లేడు. పేము కుర్చీ జీఎంగారిదైంది. పక్క కుర్చీ డిప్యూటీగారికిచ్చి, కార్యదర్శిని చేశారు.

సభ ముగిశాక భార్యాభర్తలు ఒడ్డు వెంట ఇంటికి నడిచారు. గాలి హాయిగా ఉంది. భార్య తనలో తనే నవ్వుకుంటోంది. జీఎంగారు మాత్రం తల వేలాడేసుకుని, అడుగడుక్కీ నిట్టూరుస్తున్నాడు.

“మళ్లీ ఏమొచ్చిందండీ? గండం గట్టెక్కిందిగా!”

“అది కాదే. ఆ వేపచెట్టు కళ్లలో మెదులుతోంది. నేనొచ్చేశాక దానికి నీళ్లు పోసినవాడున్నాడో లేడో. ఈపాటికి కొట్టేసే ఉంటారు.”

భార్య నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

“ఏ చెట్టండీ బాబూ, ఈ ఊరొచ్చిన మర్నాడు మనిద్దరం టీ తాగుతూ నోటితో ఆ మిల్లు కట్టినప్పుడు, గేటు దాకా వచ్చాం గానీ చెట్టు నాటలేదే!”